హిమోగ్లోబిన్ తగ్గితే ఐరన్ మాత్రేనా? రక్త పరీక్ష చదివే పద్ధతి, సాధారణ రక్త జబ్బులకు చికిత్స

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. 29 ఏళ్ల మహిళ. హిమోగ్లోబిన్ 10.4, ఎర్ర కణాలు 56 లక్షలు, ఎంసీవీ 62, ఆర్‌డీడబ్ల్యూ 14.8, తెల్ల కణాలు 7,200, ప్లేట్‌లెట్లు 92,000. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో "ప్లేట్‌లెట్లు గుంపులుగా కనిపించాయి" అని ఉంది. నాలుగు నెలలుగా రోజుకు రెండు ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ కదల్లేదు. ఇది బ్లడ్ క్యాన్సరా, రక్తం ఎక్కించుకోవాలా, అసలు ఏ రక్త జబ్బు ఏదో ఎలా తెలుస్తుంది అని ప్రశ్న.

ఈ అంకెల్లో క్యాన్సర్‌ను అనుమానించాల్సింది నాకేమీ కనబడలేదు. రక్తం ఎక్కించే స్థాయి అసలే కాదు. వేర్వేరు విషయాలు రెండు ఒకే కాగితం మీద పడి ఒకే పెద్ద జబ్బులా భయపెడుతున్నాయి. మొదటిది తలసేమియా మైనర్ (హిమోగ్లోబిన్ తయారీ జన్యువులో మార్పు వల్ల పుట్టుకతోనే ఎర్ర కణాలు చిన్నగా ఉండటం) అయ్యే అవకాశం బాగా ఎక్కువ. ప్లేట్‌లెట్లేమో బహుశా ఒంట్లో తగ్గలేదు, పరీక్ష గొట్టంలో తగ్గాయి. రెండూ పరీక్షతో తేల్చుకోవాల్సినవే. ఎలాగో చెబుతాను, మిగతా జబ్బులు కూడా ఆ దారిలోనే తగులుతాయి.

అంకెలను కలిపి చదవాలి

పెద్దవాళ్లలో హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. అది జ్వరంలాంటి మాట. ఏదో జరుగుతోందని చెబుతుందే తప్ప ఏం జరుగుతోందో చెప్పదు. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది, మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల కణాలు తయారు చేస్తుంది. కాబట్టి సంఖ్య తగ్గడానికి దారులు మూడే: తయారీ చాలకపోవడం, కణాలు ముందే పగిలిపోవడం, రక్తం బయటికి పోవడం. తయారీ ఎలా ఉందో రెటిక్యులోసైట్ పరీక్ష చెబుతుంది. ఇవి కొత్తగా పుట్టిన ఎర్ర కణాలు, మామూలుగా 0.5 నుంచి 2.5 శాతం ఉంటాయి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండి ఇవి పెరిగితే మూలుగ పని చేస్తోంది, నష్టం ఎక్కడో బయట ఉంది. రెండూ తగ్గితే లోపం తయారీలోనే. చవకైన పరీక్షే, అయినా చాలా తక్కువమంది రాస్తారు.

తరవాత చూడాల్సింది ఎంసీవీ, అంటే ఎర్ర కణం సగటు పరిమాణం. మామూలు 80 నుంచి 100. ఎనభైకి తగ్గితే ముందుగా ఐరన్ లోపం, తలసేమియా మైనర్, చాలాకాలంగా ఉన్న వాపు జబ్బులు గుర్తు రావాలి. వంద దాటితే బీ12, ఫోలేట్ లోపాలు, మద్యం, కాలేయ జబ్బు, థైరాయిడ్ తగ్గడం, కొన్ని మందులు, మూలుగ జబ్బులు. మధ్యలో ఉంటే కిడ్నీ జబ్బు, ఇటీవలి రక్తస్రావం, ఏదో దీర్ఘకాలిక జబ్బు. ఇక్కడ ఒక మోసం ఉంది. ఐరన్, బీ12 రెండూ తగ్గినవాళ్లలో కొన్ని కణాలు చిన్నవి, కొన్ని పెద్దవి అయ్యి సగటు 88 దగ్గర అమాయకంగా కూర్చుంటుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ పట్టిస్తుంది. కణాల పరిమాణంలో తేడా ఎంతుందో చెప్పే అంకె అది, 14.5 దాకా మామూలు. ఎంసీవీ సరిగ్గా ఉండి ఆర్‌డీడబ్ల్యూ 20 ఉంటే "నార్మల్" అని కాగితం మడిచేయకూడదు.

ఇప్పుడు పై రిపోర్టుకు రండి. ఐరన్ లోపంలో ముడిసరుకు లేక కణాల సంఖ్య కూడా పడిపోతుంది. తలసేమియా మైనర్‌లో కణాలు చిన్నవే కానీ సంఖ్య మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో (పది లక్షల లెక్కలో) భాగిస్తే మెంట్జర్ సూచిక వస్తుంది. 62ను 5.6తో భాగిస్తే 11. అది 13 కంటే తక్కువైతే తలసేమియా మైనర్ వైపు, ఎక్కువైతే ఐరన్ లోపం వైపు మొగ్గు. పైగా ఆర్‌డీడబ్ల్యూ పెద్దగా పెరగలేదు, ఐరన్ లోపంలో అది సాధారణంగా పెరుగుతుంది. 10.4 హిమోగ్లోబిన్‌కు ఎంసీవీ 62 దాకా పడిపోవడం కూడా ఐరన్ లోపపు తీరు కాదు. అయితే ఇది లెక్క మాత్రమే, నిర్ధారణ కాదు. రెండూ కలిసి ఉన్నవాళ్లలో ఈ సూచిక తప్పు చెబుతుంది.

చేయించాల్సినవి రెండు: ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే పరీక్ష), హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ రకాల పరీక్ష. ఏ2 హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే బీటా తలసేమియా మైనర్. ఐరన్ బాగా తగ్గి ఉన్నప్పుడు ఏ2 కొద్దిగా దిగుతుంది కాబట్టి 3.2, 3.4 లాంటి అంకె వస్తే ఐరన్ నింపి మళ్లీ చేయించాలి. గర్భిణి అయితే మాత్రం ఆగకూడదు, వెంటనే భర్తకు కూడా చేయించాలి. ఇటీవల రక్తం ఎక్కించుకుని ఉంటే ఈ పరీక్షలో కనిపించేది సగం దాత రక్తమే, కాబట్టి సుమారు మూడు నెలలు ఆగడం మంచిది. ఏ2 మామూలుగా ఉండి, ఐరన్ కూడా నిండుగా ఉండి, ఎంసీవీ చిన్నదే అయితే ఆల్ఫా తలసేమియా వాహకులు (జబ్బు లేకుండా జన్యుమార్పు మోసేవాళ్లు) కావచ్చు. అది జన్యు పరీక్షలోనే తేలుతుంది.

ఐరన్ లోపం: మాత్ర పనిచేయకపోవడానికి కారణాలు

రక్త జబ్బులన్నిటిలో ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువగా తప్పుగా వైద్యం జరిగేదీ ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నిర్ధారణకు ఫెరిటిన్ చాలు. 15 కంటే తక్కువైతే సందేహమే లేదు, 30 కంటే తక్కువైతే లోపం ఉన్నట్టే చూస్తారు. కానీ ఫెరిటిన్ ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్, కాలేయ జబ్బు ఉన్నప్పుడు దానంతటదే పెరుగుతుంది. కీళ్లవాతమో, కిడ్నీ జబ్బో ఉన్న మనిషికి ఫెరిటిన్ 80 వచ్చినా లోపం ఉండవచ్చు. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్ మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే శాతం) చూడాలి, అది 20 శాతం కంటే తక్కువైతే ఐరన్ అందడం లేదు. ఒక్క సీరం ఐరన్ చూసి నిర్ణయించకూడదు. అది పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది, నిన్న వేసుకున్న మాత్రకే పెరుగుతుంది.

మాత్ర కొనేటప్పుడు చూడాల్సింది ఐరన్ సమ్మేళనం మొత్తం బరువు కాదు, అందులోని అసలు ఐరన్. ఫెర్రస్ సల్ఫేట్ 325 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఐరన్ 65 మిల్లీగ్రాములే. ఫెర్రస్ ఫ్యూమరేట్ 200లో కూడా సుమారు అంతే. ఫెర్రస్ గ్లూకోనేట్ 300లో 35 దాకా. పెద్దవాళ్లకు రోజుకు ఒకసారి 60 నుంచి 65 మిల్లీగ్రాములు చాలు. రెండు పూటలా, మూడు పూటలా వేసుకుంటే లాభం కన్నా కడుపునొప్పి ఎక్కువ. కారణం హెప్సిడిన్ అనే హార్మోను. ఒక మోతాదు ఐరన్ లోపలికి వెళ్లగానే కాలేయం దీన్ని వదులుతుంది, అది సుమారు ఒక రోజంతా పేగు తలుపు మూసి ఉంచుతుంది. అందువల్ల సాయంత్రం మాత్రలో ఎక్కువ భాగం మలంలోకే పోతుంది. రోజూ మాత్రతో వికారం వచ్చేవాళ్లకు రోజు విడిచి రోజు ఇచ్చినా బాగానే పనిచేస్తుంది. ఇలా చెబితే చాలామంది నమ్మరు, మందు తగ్గిస్తే రక్తం ఎలా పెరుగుతుందంటారు.

ఖాళీ కడుపున, నీళ్లతో వేసుకోవాలి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, యాంటాసిడ్ వీటికి రెండు గంటల దూరం. థైరాక్సిన్ మాత్రకు నాలుగు గంటల దూరం, లేకపోతే ఐరన్ దాన్ని పట్టేసుకుని థైరాయిడ్ మందు పనిచేయదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లతోనూ ఇదే గొడవ. ఆసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడేవాళ్లలో ఐరన్ సరిగా ఒంటబట్టదు. మలం నల్లగా రావడం మామూలే. కానీ తారులా జిగురుగా, దుర్వాసనతో వస్తే అది ఐరన్ రంగు కాదు, పేగులో రక్తం.

సరిగ్గా పనిచేస్తుంటే వారం పది రోజుల్లో రెటిక్యులోసైట్లు పెరుగుతాయి, నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరగాలి. కాబట్టి నాలుగో వారం పరీక్ష తప్పనిసరి. నాలుగు నెలలు ఆగి చూడటం వృథా. అంకె మామూలైన రోజే మందు మానేస్తే ఆరు నెలల్లో మళ్లీ మొదటికి వస్తారు, ఎందుకంటే నిల్వలు నిండలేదు. ఇంకో మూడు నెలలు వాడి, ఫెరిటిన్ చూసి ఆపాలి.

పెరగకపోతే ఈ వరసలో వెతకాలి. నిజంగా వేసుకుంటున్నారా? టీతో కలిపి వేసుకుంటున్నారా? అసలు ఐరన్ లోపమేనా? లోపలికి వెళ్లిన దానికంటే ఎక్కువ బయటికి పోతోందా? పేగు పీల్చుకోవడం లేదా? చివరి దానికి సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం), హెలికోబాక్టర్ అనే కడుపు బాక్టీరియా ఇన్ఫెక్షన్, కడుపు పొర క్షీణించడం ముఖ్య కారణాలు, మూడింటికీ పరీక్షలు ఉన్నాయి.

ఐరన్ ఎందుకు తగ్గిందన్న ప్రశ్న వదిలేయకండి. నెలసరిలో రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి రావడం, రెండున్నర సెంటీమీటర్ల కంటే పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం అధిక రక్తస్రావమే. అది మొదటి నెలసరి నుంచీ అలాగే ఉంటే వాన్ విల్లిబ్రాండ్ (పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) పరీక్ష కూడా చేయాలి. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఐరన్ లోపం కనబడితే పై నుంచీ కింది నుంచీ ఎండోస్కోపీ చేయించాలి. పెద్దపేగు క్యాన్సర్ మొదట బయటపడేది కొన్నిసార్లు ఇలాగే. మొలలున్నాయి కదా, అందువల్లే అని సర్దుకోవడం ప్రమాదకరం.

మాత్ర పడనివాళ్లకు, పేగు పీల్చుకోనివాళ్లకు, గర్భం చివరి నెలల్లో తొందరగా పెంచాల్సినవాళ్లకు నరంలోకి ఇచ్చే ఐరన్ ఉంది. ఎంత కావాలో లెక్క ఇది: బరువును, ఉండాల్సిన హిమోగ్లోబిన్‌కూ ఉన్నదానికీ మధ్య తేడాతో గుణించి, దాన్ని 2.4తో గుణించి, నిల్వకు 500 కలపాలి. 60 కిలోల మనిషికి 8 నుంచి 15కు తేవాలంటే 60 × 7 × 2.4 + 500, అంటే సుమారు 1,500 మిల్లీగ్రాములు. గర్భం మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. సూది నరం దాటి చర్మం కింద లీకైతే ఏళ్ల తరబడి పోని గోధుమరంగు మచ్చ పడుతుంది, కాబట్టి మంట, వాపు అనిపించగానే ఆపమని చెప్పాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ పదేపదే తీసుకున్నవాళ్లలో రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి నీరసం, ఎముకల నొప్పి రావచ్చు. హిమోగ్లోబిన్ పెరిగినా నీరసం పెరిగిందంటే ఫాస్ఫేట్ చూడాలి.

తలసేమియా మైనర్, మేజర్, సికిల్ సెల్

మైనర్ అయితే వైద్యం అక్కర్లేదు, ఆయుష్షు తగ్గదు. చేయకూడని పని ఒకటుంది: ఫెరిటిన్ చూడకుండా ఏళ్ల తరబడి ఐరన్ మింగడం. ఒంటికి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఐరన్ బయటికి పంపే మార్గం లేదు. ఫెరిటిన్ నిజంగా తక్కువగా ఉంటే మాత్రం మైనర్ ఉన్నా ఐరన్ ఇవ్వాలి, లోపం తీరాక ఆపాలి. కాగితం ముక్క మీద "తలసేమియా మైనర్, ఎంసీవీ 62" అని రాసి దగ్గర పెట్టుకుంటే ప్రతి కొత్త డాక్టరూ మళ్లీ ఐరన్ మొదలుపెట్టే తలనొప్పి తప్పుతుంది.

అసలు ముఖ్యమైనది జీవిత భాగస్వామి పరీక్ష. ఇద్దరూ బీటా వాహకులైతే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు మేజర్ (ఇద్దరి నుంచీ జన్యుమార్పు వచ్చిన తీవ్ర జబ్బు), సగం వాహకత, నాలుగింట ఒక వంతు పూర్తి మామూలు. మొదటి బిడ్డ మేజర్ అయితే తరవాతి ముగ్గురూ క్షేమమని అర్థం కాదు, ప్రతిసారీ అదే లెక్క. భాగస్వామికి బీటా తలసేమియా లేకపోయినా హిమోగ్లోబిన్ ఇ, హిమోగ్లోబిన్ ఎస్ (సికిల్ సెల్) అనే మార్పుల వాహకత ఉంటే బిడ్డకు తీవ్ర జబ్బు రావచ్చు. ఇద్దరికీ ఉందని తేలితే గర్భం 11 నుంచి 14 వారాల మధ్య మాయ ముక్క తీసి, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి జన్యు పరీక్ష చేస్తారు. దానికి ముందే తల్లిదండ్రుల జన్యుమార్పు ఏదో తెలిసి ఉండాలి, కాబట్టి గర్భానికి ముందే తేల్చుకోవడం సుఖం.

మేజర్ పిల్లలకు రెండు నుంచి అయిదు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 మధ్య ఉండేలా చూస్తారు. ఏడుకు పడ్డాక తెస్తే చాలనుకుంటే మూలుగ ఉబ్బి ముఖం ఎముకలు మారతాయి, ప్లీహం పెరుగుతుంది, ఎదుగుదల ఆగుతుంది. ప్రతి యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ లోపలికి వెళ్తుంది. పది ఇరవై యూనిట్లు దాటాక, లేదా ఫెరిటిన్ 1,000 దాటాక ఐరన్ తీసే మందు మొదలవ్వాలి. డెఫెరాసిరాక్స్ నోటి మాత్ర, రోజుకు ఒకసారి. క్రియాటినిన్, కాలేయ పరీక్షలు నెలనెలా చూడాలి. డెఫెరిప్రోన్ గుండెలోని ఐరన్‌ను బాగా తీస్తుంది కానీ కొందరిలో తెల్ల కణాలు ఒక్కసారిగా పడిపోతాయి. అది వాడేవాళ్లకు జ్వరమో గొంతునొప్పో వస్తే మందు ఆపి అదే రోజు రక్తకణాలు లెక్కించాలి. డెఫెరాక్సమిన్ చర్మం కింద పంపుతో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, వారానికి అయిదారు రాత్రులు. మందు ఏదైనా విఫలమయ్యేది ఎక్కువగా కౌమారంలో, మాత్రలు మానేయడం వల్ల. గుండెలో ఐరన్ ఫెరిటిన్‌తో తెలియదు, టీ2 స్టార్ ఎంఆర్‌ఐ కావాలి. 20 మిల్లీసెకన్ల కంటే తక్కువైతే ఐరన్ చేరింది, 10 కంటే తక్కువైతే గుండె వైఫల్యం దగ్గర్లో ఉంది. పూర్తిగా నయం చేసేది ఇప్పటికీ ప్రధానంగా మూలుగ మార్పిడే. సొంత తోబుట్టువుతో కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. జన్యు సవరణ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ మొదట అనుమతి ఇచ్చింది, కానీ దానికీ ముందు గట్టి కీమోథెరపీ తప్పదు.

సికిల్ సెల్‌లో హిమోగ్లోబిన్ ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడంతో ఎర్ర కణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగి సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. పిల్లలకు రెండో నెల నుంచి అయిదేళ్ల దాకా రోజుకు రెండుసార్లు పెన్సిలిన్, న్యుమోకాకల్ టీకాలు. వాళ్ల ప్లీహం చిన్నప్పుడే చచ్చుబడిపోతుంది కాబట్టి 38.5 డిగ్రీల జ్వరమంటే గంటల్లో యాంటీబయాటిక్ పడాలి. హైడ్రాక్సీయూరియా అనే మందును రోజుకు కిలోకు 15 నుంచి 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి కణాల సంఖ్య చూస్తూ పెంచుతారు. పనిచేస్తోందో లేదో మూడు నుంచి ఆరు నెలలకు గానీ తెలియదు, నెలకే మానేయకండి. నొప్పి వచ్చినప్పుడు ఒంట్లో నీరు తగ్గకుండా, చలి తగలకుండా చూడాలి. బలమైన నొప్పి మందు అడగడాన్ని అలవాటుగా అనుమానించడం ఆసుపత్రుల్లో తరచూ జరిగే అన్యాయం. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ప్లీహం ఒక్కసారిగా ఉబ్బడం ఇంట్లో చూసుకునేవి కావు.

బీ12, ఫోలేట్

ఎంసీవీ 110, కాళ్లలో తిమ్మిరి, నాలుక నున్నగా ఎర్రగా. ఇంత స్పష్టంగా వస్తే ఎవరైనా పడతారు. ఇబ్బంది ఏమిటంటే బీ12 లోపం హిమోగ్లోబిన్ తగ్గకుండానే నరాలను తినేయగలదు. ఇంకోవైపు, తీవ్రమైనప్పుడు మూడు రకాల కణాలూ పడిపోయి, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైము) వేలల్లోకి వెళ్లి, కళ్లు కాస్త పచ్చబడి అచ్చం లుకేమియాలా (బ్లడ్ క్యాన్సర్) భయపెడుతుంది. మూలుగ పరీక్షకు పరుగెత్తే ముందు బీ12 చూడాలి. 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోపం, 200 నుంచి 300 మధ్య అనుమానం. అప్పుడు మిథైల్‌మలోనిక్ ఆమ్లం (బీ12 చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష తేలుస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు, జంతు సంబంధ ఆహారం ముట్టనివాళ్లు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, ఆటోఇమ్యూన్ కడుపు జబ్బు ఉన్నవాళ్లు ఏడాదికోసారి చూపించుకోవాలి.

నరాల లక్షణాలు ఉంటే సూదిమందే: 1,000 మైక్రోగ్రాములు మొదటి ఒకటి రెండు వారాలు రోజూ లేదా రోజు విడిచి రోజు, తరవాత వారానికోసారి, ఆపైన నెలకోసారి. లేనివాళ్లకు రోజుకు 1,000 నుంచి 2,000 మైక్రోగ్రాముల మాత్ర సరిపోతుంది, పేగు సరిగా లేకపోయినా ఒక శాతం దాకా ఊరికే లోపలికి పోతుంది. బీ12 చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇవ్వడం తప్పు. రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ నరాలు మాత్రం పాడవుతూ పోతాయి. తీవ్ర లోపంలో మందు మొదలైన మొదటి వారంలో కొత్త కణాలు పొటాషియంను లాగేసుకుంటాయి, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లలో అది కూడా చూడాలి. సూది వేసే ముందే రక్తం తీసి పెట్టుకోండి, తరవాత చేసే బీ12 అంకెకు అర్థం ఉండదు.

కణాలు ముందే పగిలిపోతే

రెటిక్యులోసైట్లు పెరిగి, కామెర్లు ఉండి, ఎల్‌డీహెచ్ ఎక్కువై, హాప్టోగ్లోబిన్ (పగిలిన కణాల హిమోగ్లోబిన్‌ను పట్టుకునే ప్రోటీన్) అడుగంటితే కణాలు పగులుతున్నట్టు. అప్పుడు కూంబ్స్ పరీక్ష, అంటే ఎర్ర కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయా అని చూసేది. పాజిటివ్ అయితే ఒంటి రక్షణ వ్యవస్థే దాడి చేస్తోంది, ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్ కిలోకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు, వారాల మీద తగ్గిస్తారు. జీ6పీడీ (ఎర్ర కణాన్ని కాపాడే ఎంజైము) లోపమైతే మామూలు రోజుల్లో ఏమీ ఉండదు. ప్రైమాక్విన్, డాప్సోన్, రాస్‌బురికేజ్, మిథిలీన్ బ్లూ లాంటి మందులో, నాఫ్తలీన్ ఉండలో తగిలాక రెండు మూడు రోజులకు మూత్రం కోలా రంగులో వస్తుంది. ఆ సమయంలో పరీక్ష చేస్తే మామూలుగా రావచ్చు, ఎందుకంటే లోపమున్న ముసలి కణాలన్నీ అప్పటికే పగిలిపోయాయి, మిగిలింది పడుచు కణాలు. మూడు నెలలకు మళ్లీ చేయించాలి.

ప్లేట్‌లెట్లు

రక్తం తీసే గొట్టంలో అది గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలో అది ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటిస్తుంది, యంత్రం గుంపును ఒక్కటిగా లెక్కిస్తుంది. పై రిపోర్టులోని 92,000 అలాంటిదే కావచ్చు. సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీయించి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి (గొట్టంలో ద్రవం పదో వంతు ఉంటుంది). స్లైడు మీద కళ్లతో చూడమని కూడా అడగాలి. తలసేమియా రక్తంలో ఇంకో చిక్కు, మరీ చిన్న ఎర్ర కణాలను యంత్రం ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టి ఎక్కువ చూపించవచ్చు. ప్లేట్‌లెట్లు నిజంగా తగ్గాయో లేదో తేలకుండా స్టిరాయిడ్లు మొదలుపెట్టకూడదు.

నిజంగా తగ్గితే అంకె కన్నా మనిషిని చూడాలి. 50,000 పైన మామూలు పనులకు అడ్డు లేదు. రక్తస్రావం దానంతటదే జరిగే భయం 10,000, 20,000 కింద. ఐటీపీ (రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అని తేలిన పెద్దవాళ్లలో 30,000 పైన ఉండి రక్తస్రావం లేకపోతే ఊరికే గమనిస్తారు. చికిత్స అంటే ప్రెడ్నిసోలోన్, గరిష్ఠంగా ఆరు వారాలు, లేదా డెక్సామెథసోన్ 40 మిల్లీగ్రాములు నాలుగు రోజులు. నెలల తరబడి స్టిరాయిడ్ మీద అంకె నిలబెట్టడం పాత అలవాటు, షుగరు, ఎముకల బలహీనత మిగులుతాయి. తరవాత ఎల్ట్రాంబోపాగ్, రోమిప్లోస్టిమ్, రిటుక్సిమాబ్ అనే మందులు ఉన్నాయి. ప్లీహం తీయడానికి కనీసం ఏడాది ఆగుతారు. పిల్లల్లో ఎక్కువమందికి ఆరు నెలల్లో దానంతటదే పోతుంది. ఐటీపీలో ప్లేట్‌లెట్లు ఎక్కించినా గంటల్లో నాశనమవుతాయి, ప్రాణం మీదికొచ్చే రక్తస్రావానికే ఎక్కిస్తారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు, నొప్పికి పారాసెటమాల్.

ప్లేట్‌లెట్లు తక్కువ, రక్తహీనత, స్లైడు మీద చిరిగిన ఎర్ర కణాలు మూడూ కలిస్తే టీటీపీని (సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే అత్యవసర జబ్బు) అనుమానించాలి. గందరగోళం, జ్వరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆడమ్‌టీఎస్13 (ఈ జబ్బులో పడిపోయే ఎంజైము) ఫలితం కోసం ఎదురుచూడకుండా అదే రోజు ప్లాస్మా మార్పిడి మొదలుకావాలి. ఇక్కడ ఉత్త ప్లేట్‌లెట్లు ఎక్కించడం హాని చేయగలదు.

గడ్డకట్టని రక్తం, అక్కర్లేని చోట గడ్డకట్టే రక్తం

హీమోఫిలియా పుట్టుకతో వచ్చే, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు; ఏ రకంలో ఫ్యాక్టర్ 8 అనే గడ్డకట్టించే ప్రోటీన్, బీ రకంలో ఫ్యాక్టర్ 9 తగ్గుతాయి. మామూలు స్థాయిలో ఒక శాతం కంటే తక్కువైతే తీవ్రం, 1 నుంచి 5 మధ్యస్థం, 5 నుంచి 40 స్వల్పం. రక్తం గడ్డకట్టే సమయం చూసే రెండు పరీక్షల్లో ఏపీటీటీ పెరుగుతుంది, పీటీ మామూలు. ఫ్యాక్టర్ 8 కిలోకు ఒక యూనిట్ ఇస్తే స్థాయి 2 శాతం పెరుగుతుంది, 9 అయితే సుమారు 1 శాతం. 60 కిలోల మనిషికి కీలులో రక్తస్రావానికి 40 శాతం కావాలంటే ఫ్యాక్టర్ 8 అయితే 60 × 40 × 0.5, అంటే 1,200 యూనిట్లు. కీలు వాచేదాకా ఆగకూడదు, లోపల జిలగా, బిగుతుగా అనిపించినప్పుడే వేయాలి. తలకు దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్, తరవాతే స్కాన్. కండరంలోకి సూదులు వద్దు. మూత్రంలో రక్తం వస్తుంటే ట్రానెక్సమిక్ ఆమ్లం (రక్తస్రావం ఆపే మందు) వద్దు, గడ్డ మూత్రనాళానికి అడ్డుపడుతుంది. మోతాదు సరిగ్గా ఇచ్చినా ఆగకపోతే ఇన్హిబిటర్ (ఫ్యాక్టర్‌ను అడ్డుకునే యాంటీబాడీ) పరీక్ష. హీమోఫిలియా ఏలో ఎమిసిజుమాబ్ అనే మందు చర్మం కింద సూదితో రక్తస్రావాలు బాగా తగ్గుతాయి, కానీ అది వాడేవాళ్లలో ఏపీటీటీ అబద్ధం చెబుతుంది. ఆ సంగతి ఆపరేషన్ చేసేవాళ్లకు ముందే చెప్పాలి.

కాలి సిరలో గడ్డ (డీవీటీ) అనుమానం తక్కువగా ఉన్నప్పుడే డీ-డైమర్ అనే రక్త పరీక్ష ఉపయోగం. నెగెటివ్ వస్తే గడ్డ లేదని చెప్పగలదు, పాజిటివ్ వస్తే ఏమీ చెప్పలేదు. అనుమానం ఎక్కువైతే నేరుగా డాప్లర్ స్కాన్. చికిత్స కనీసం మూడు నెలలు. గడ్డకట్టనివ్వని మాత్రల్లో రివరాక్సబాన్ మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఆపైన 20 ఒకపూట, తిండితోనే. ఖాళీ కడుపున వేస్తే సరిగా ఒంటబట్టదు. అపిక్సబాన్ వారం రోజులు 10 రెండు పూటలా, తరవాత 5 రెండు పూటలా. 22వ రోజునో ఎనిమిదో రోజునో మోతాదు మార్చడం మరచిపోవడమే ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, క్యాలెండరులో ముందే రాసుకోండి. యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బులో (సొంత యాంటీబాడీల వల్ల గడ్డలు కట్టేది), ముఖ్యంగా దాని మూడు యాంటీబాడీ పరీక్షలూ పాజిటివ్ అయితే, వార్ఫరిన్‌దే పైచేయి, ఐఎన్‌ఆర్ (వార్ఫరిన్ ఎంత పనిచేస్తోందో చెప్పే అంకె) 2 నుంచి 3.

హిమోగ్లోబిన్ మరీ ఎక్కువగా ఉండటం కూడా జబ్బే. మగవాళ్లలో 16.5, ఆడవాళ్లలో 16 దాటి నిలకడగా ఉంటే పొగతాగడం, గురకతో ఊపిరాగే జబ్బు చూసి, జాక్2 జన్యు పరీక్ష చేయించాలి. పాలీసైథీమియా వీరా (మూలుగ అదుపు లేకుండా ఎర్ర కణాలు తయారు చేసే జబ్బు) అయితే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 45 కింద ఉండేలా రక్తం తీస్తారు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. ఈ రోగులకు ఐరన్ తగ్గుతుంది, తగ్గిందని ఐరన్ ఇవ్వకూడదు.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

రిపోర్టులో బ్లాస్ట్ కణాలు (పక్వం కాని మూలుగ కణాలు) అన్న మాట, మూడు రకాల కణాలూ కలిసి తగ్గడం, తెల్ల కణాలు లక్ష దగ్గరికి పోవడం, కారణం లేని బరువు తగ్గుదలతో పాటు లింఫు గ్రంథుల గడ్డలు ఉంటే అదే వారం రక్తవ్యాధుల నిపుణుడి దగ్గరికి. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు) 500 కంటే తక్కువ ఉండి 38.3 డిగ్రీల జ్వరం వస్తే గంట లోపల యాంటీబయాటిక్ పడాలి. బాగా తగ్గిన ప్లేట్‌లెట్లతో తలనొప్పి, వాంతులు, నోట్లో రక్తపు బొబ్బలు కనబడినా, ఒక కాలు వాచి ఆయాసం వచ్చినా రాత్రయినా బయల్దేరాలి.

రక్తం ఎక్కించాల్సి వస్తే నిలకడగా ఉన్న మనిషికి హద్దు 7 గ్రాములు, గుండె జబ్బు ఉంటే 8. ఒక్క యూనిట్ సుమారు 1 గ్రాము పెంచుతుంది. ఒకటి ఎక్కించి, మళ్లీ చూసి, అప్పుడే రెండోది. చాలాకాలంగా 4, 5 గ్రాములతో బతుకుతున్న మనిషికి రెండు మూడు సంచులు గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సంచి మీది పేరు, నంబరు, గ్రూపు మంచం దగ్గరే ఇద్దరు చదివి సరిచూడాలి. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కించి పక్కనే ఉండాలి. చలి, నడుంనొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆపి, నరం మాత్రం సెలైన్‌తో తెరిచి ఉంచి, సంచిని పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు తిరిగి పంపాలి. ఫ్రిజ్ నుంచి తీశాక నాలుగు గంటల్లో పూర్తికాని సంచిలో మిగిలింది ఎక్కించరు.